శ్రీ తదితరులు

నూతక్కి పిచ్చయ్య అసామాన్యుడు కాడన్న సంగతి ఆయనకు యాభై తొమ్మిదో ఏట తెలిసింది. అదీ రిజిస్టర్డు పోస్టులో, రసీదు మీద సంతకం పెట్టించుకుని మరీ తెలియజేశారు. ఆ మాట ఆయనకేమీ కొత్త కాదు. అసామాన్యుడేమోనని తన మీద ఎవరికో అనుమానం వచ్చిందన్నదే కొత్త.

పిచ్చయ్య బుర్రకథలో వంత. బుర్రకథంటే నడుమ తంబురా భుజాన వేసుకుని కథ చెప్పేవారు ఒకరు, అటూ ఇటూ గుమ్మెటలు కొడుతూ తందాన తాన అనే వంతలు ఇద్దరు. అందులో ఒకడు లోకంలో జరిగే అన్యాయాల మీద చురకలు వేస్తాడు కాబట్టి రాజకీయ వంత. రెండోవాడు నవ్విస్తాడు కాబట్టి హాస్య వంత. పిచ్చయ్య హాస్యం. వీరరాఘవయ్య కథ చెప్పినన్నాళ్లూ ఆయనకు ఎడమపక్క నిలబడ్డాడు. ఆయన పోయాక కూతురు మంగతాయారు తంబురా ఎత్తుకుంటే ఆమెకూ ఎడమపక్కే నిలబడ్డాడు. మొత్తం నలభై ఏళ్లు. రేపల్లె చుట్టుపక్కల ఆయన్ని చూడని ఊరు లేదు, గుర్తుపట్టే మనిషీ లేడు.

సముద్రాలకు అవతల ఒక దేశంలో మన తెలుగువాళ్లు ఏడాదికొకసారి కలుసుకుని, పులిహోర తిని, తెలుగు సంస్కృతి ఏమైపోతుందోనని బాధపడుతుంటారు. ఈసారి ఆ బాధ మధ్యలో ఒక బుర్రకథ కూడా ఉంటే బాగుంటుందని మంగతాయారు బృందాన్ని పిలిచారు. చిక్కేమిటంటే, ఆ దేశంలోకి ఆటగాళ్లూ పాటగాళ్లూ ఊరికే పోవడానికి లేదు. తమ విద్యలో తాము అసామాన్యులమని కాగితాల మీద రుజువు చేసుకోవాలి. సామాన్యులు అక్కడ ఇప్పటికే సరిపడా ఉన్నారట.

వాళ్లు అడిగింది అంతవరకే. మనవాళ్లు ఊరుకుంటారా? పరాయి దేశంవాడు మన కళాకారుణ్ణి పనికిరావు పొమ్మంటే దేశానికి అవమానం, ఆ అవమానమేదో మనమే ముందుగా చేసేస్తే పరువు దక్కుతుందని ఆలోచించి, అసామాన్య ప్రతిభా నిర్ధారణ సంస్థ అని ఒకటి పెట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడు ఇంకా నోరు విప్పనే లేదు, పూజారి గుడి తలుపులు వేసుకుని కూర్చున్నాడు.

ముగ్గురూ అర్జీలు పెట్టారు. మంగతాయారుకు సన్మానాల శాలువాలు ముప్పై ఏడున్నాయి. 'కళాకారుని ఖాతాలో బరువైన గౌరవములు ఉండవలెను' అని నిబంధనల్లో ఉంది గనుక సంస్థవాళ్లు వాటిని కాటా మీద పెట్టి తూచారు. పధ్నాలుగు కిలోలు తూగేసరికి ఆమె అసామాన్యురాలని తేలిపోయింది. రాజకీయ వంత షేక్ సైదులు అర్జీ ఇంకా తేలిగ్గా గట్టెక్కింది. 'రాజకీయ' అన్న మాట చూడగానే గుమస్తాకు చెమట పట్టి, ఈయన ఏ పార్టీయో, ఎవరి మనిషో ఎందుకొచ్చిన గొడవని, కుర్చీ వేసి కాఫీ ఇచ్చి ధ్రువపత్రం చేతిలో పెట్టి పంపించారు. సైదులు ఇంటికొచ్చిన తర్వాత కూడా చాలాసేపు ఆ మర్యాదకు కారణం వెతుక్కున్నాడు.

పిచ్చయ్యకు వచ్చింది మాత్రం తిరస్కార పత్రం. అందులో ఇలా ఉంది: 'సదరు అర్జీదారు తన వృత్తిని వంత పాడుటగా పేర్కొనియున్నాడు. వంత పాడుట యనగా ఇతరులు పలికిన దానికి ఔనౌననుట అని నిఘంటువు. ఈ నైపుణ్యము ప్రస్తుత కార్యాలయముననే పదకొండు మంది సిబ్బందికి కలదు. కావున ఇందు అసామాన్యత ఏమియు కానరాలేదు. మరియు, పత్రికలలో అర్జీదారుని పేరు ఒక్క పర్యాయమైనను ప్రచురితమైన దాఖలా లేదు.'

పిచ్చయ్య దాన్ని రెండుసార్లు చదువుకుని, అందులో తప్పేమీ కనబడటం లేదన్నాడు.

అవతలి దేశం తెలుగు సంఘంవాళ్లకు కూడా అందులో తప్పు కనబడలేదు. ఫోన్లో మాట్లాడిన కార్యదర్శి, పెద్దాయన్ని వదిలేసి మీరిద్దరూ వచ్చేయండి, తందానకేముంది, రికార్డు చేసి పంపిస్తే ఇక్కడ మీట నొక్కి వినిపిస్తాం, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఒకేలా వస్తుంది కూడా అన్నాడు. మంగతాయారు ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేసింది. ఆమె ముఖం చూసి పిచ్చయ్యకు గుండెలో కలుక్కుమంది. తనను వదిలి పోతుందని కాదు. మీట నొక్కితే వచ్చే తందానతో ఆమె అక్కడ ఏమైపోతుందోనని.

ఎందుకంటే, వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. కిందటేడు ఒక తిరునాళ్లలో రాణి కోట మెట్లు దిగి యుద్ధానికి బయల్దేరే ఘట్టం జోరుగా చెబుతూ చెబుతూ మంగతాయారు ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా చెబుతున్న ముక్క. నోటి దాకా కూడా రాలేదు. ఎదురుగా వెయ్యిమంది. పిచ్చయ్య గుమ్మెట మీద ఒక్క దరువు వేసి, "ఆగమ్మా, ఆగాగు. రాణిగారు మెట్లు దిగిందన్నావు. ఎన్ని మెట్లో చెప్పకుండానే దించేస్తే, రేపు ఆమె తిరిగొచ్చి ఎక్కేటప్పుడు లెక్క తప్పదా?" అని అందుకున్నాడు. జనం నవ్వారు. వాళ్లు నవ్వి సర్దుకునే లోపల ఆమెకు దారి దొరికింది. ఆ తర్వాత అలాంటివి నెలకొకటి, ఆ పైన కథకొకటి. డాక్టరు మాత్రలు రాసిచ్చి, వయసు కాదు గానీ ఎందుకో అలా అవుతోంది, జాగ్రత్త అన్నాడు. పిచ్చయ్య ఈ మాట పెళ్లానికి కూడా చెప్పలేదు.

వీరరాఘవయ్య ఆయనకు నేర్పిన విద్య అదే. కథ చెప్పేవాడు తడబడితే వంత పట్టుకోవాలి, పట్టుకున్నట్టు జనానికి తెలియకూడదు, వీలైతే తడబడ్డట్టు కథ చెప్పేవాడికే తెలియకూడదు అనేవాడాయన. కాబట్టి పిచ్చయ్య విద్య ఎంత బాగుంటే అంత కనబడదు. ఇప్పుడు దాన్నే చూపించమంటున్నారు. చూపించాలంటే మంగతాయారు మరిచిపోతోందని చెప్పాలి. చెబితే ఆమె శాలువాలు పధ్నాలుగు కిలోలూ దూదిపింజలైపోతాయి. అది మాత్రం ప్రాణం పోయినా చెప్పకూడదని పిచ్చయ్య నిశ్చయించుకున్నాడు.

సంస్థ గేటుకు ఎదురుగా పరంధామం అనే ఆయన జిరాక్సు షాపు ఉంది. పిటిషన్లు రాయడంలో దిట్ట. ఎంత సామాన్యుణ్ణయినా నాలుగు పేజీల్లో అసామాన్యుణ్ణి చేసి, పైన పిన్ను కొట్టి ఇచ్చేవాడు. మంగతాయారు పిచ్చయ్యను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి పోయింది. వీరరాఘవయ్య కత్తిరించి నోటుపుస్తకాల్లో అంటించిన పేపరు ముక్కలన్నీ బల్ల మీద పరిచారు. పరంధామం ఎర్ర పెన్సిలు పట్టుకుని ఒక్కొక్కటే చదివాడు. 'వీరరాఘవయ్య తదితరులు బుర్రకథ వినిపించారు.' 'మంగతాయారు తదితరులు ప్రేక్షకులను అలరించారు.' 'మంగతాయారు తదితరులను ఘనంగా సన్మానించారు.' పిచ్చయ్య పేరు ఎక్కడా లేదు.

"లేకపోవడమేందయ్యా? ప్రతిదాంట్లోనూ ఉన్నావుగా," అన్నాడు పరంధామం, తదితరులు అన్న మాట కింద గీత గీస్తూ. "నువ్వే గదా ఈ తదితరులు?"

"ఆ లెక్కన నేనే," అని ఒప్పుకున్నాడు పిచ్చయ్య.

పరంధామం అంతకు మించి ఏమీ అడగలేదు. నోటరీ దగ్గర ఒక అఫిడవిట్టు చేయించాడు. 'నూతక్కి పిచ్చయ్య అలియాస్ తదితరులు అను నేను ప్రమాణపూర్వకముగా తెలియజేయునది...' అని మొదలవుతుంది. కింద పిచ్చయ్య వేలిముద్ర లాంటి సంతకం. ఇందులో అబద్ధమేమన్నా ఉందా అని పిచ్చయ్య దారి పొడుగునా ఆలోచించాడు గానీ, వెతికితే దొరకలేదు.

సంస్థకు సంచాలకులు విశ్వంభరరావు గారు. వేరే రాష్ట్రాల్లో చదువుకుని, వేరే శాఖల్లో పనిచేసి, తెలుగు కళలను ఉద్ధరించడానికి ఈ మధ్యనే దిగారు. మనిషికి కీర్తి ఎంత ఉందో కొలవడానికి ఆయన ఒక యంత్రం తెప్పించారు. పేరు కొడితే, ఇన్నేళ్ల పత్రికల్లో అది ఎన్నిసార్లు అచ్చయిందో చెబుతుంది. అయిదువందలు దాటితే అసామాన్యుడు. ఆ లెక్క మీద ఆయనకు సొంత ఆసక్తి కూడా లేకపోలేదు. అసామాన్య కళాకారుల వెంట ఆయన కూడా ఆ దేశం పోయిరావాలనుకున్నారు, తీరా చూస్తే వెంటపోయేవాళ్లు కూడా అసామాన్యులే కావాలని ఆయన రాసిన నిబంధనే అడ్డొచ్చింది. అప్పటినుంచి ఎవరు రిబ్బను కడితే అక్కడికి కత్తెరతో వెళుతున్నారు. లెక్క నాలుగువందల తొంభై ఆరు దగ్గరుంది.

అఫిడవిట్టుతో పిచ్చయ్య అర్జీ మళ్లీ వచ్చింది. పర్యవేక్షకుడు సత్యానందం యంత్రంలో 'తదితరులు' అని కొట్టాడు. యంత్రం చాలాసేపు రొదపెట్టి, నాలుగు లక్షల పన్నెండు వేలు అని చూపించింది. మంత్రులకు కూడా అందులో పదోవంతు లేదు. విశ్వంభరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"సత్యానందం గారూ, ఈ వ్యక్తి కిందటి శుక్రవారం నాడు ఒకే గంటలో అరవై మూడు ప్రదేశములందు పాల్గొనినట్లు పత్రికాధారములు కలవు. పాదయాత్రయందు కలడు, పశువైద్య శిబిరమునందు కలడు. అధికారపక్షమునందు కలడు, ప్రతిపక్షమునందును కలడు. ఇది అసామాన్యమా, కాదా?"

సత్యానందం తెలుగు ఎమ్మే. తత్ అంటే ఏమిటో, ఇతరులంటే ఎవరో ఆయనకు తెలుసు. కానీ కిందటి నెలే, పై అధికారి మాటకు వ్యాకరణం చెప్పినందుకు ఒకాయన్ని సముద్రం ఒడ్డున ఉన్న గోదాముకు బదిలీ చేశారు. సత్యానందం నోటి దాకా వచ్చిన సంధిని విడదీయకుండానే మింగేసి, "అసామాన్యమే సార్," అన్నాడు. మిగిలిన పదిమందీ కూడా అదే అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్లను చూశాం, వీళ్లు అప్పటికే జున్ను పంచుకుంటున్నారు.

ఇలాంటి సంగతి గేటు లోపల ఆగుతుందా? మర్నాటికల్లా సంస్థ ముందు తదితరులు వచ్చి నిలబడ్డారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు. మొక్కలు నాటినప్పుడు వెనక పార పట్టుకున్నవాళ్లు, మురుగు కాలవ కోసం ధర్నా చేస్తే మూడో వరసలో కూర్చున్నవాళ్లు, పెద్దవాళ్ల అంత్యక్రియల్లో పూలదండ అందించినవాళ్లు, మహిళా సంఘంవాళ్లు, రిటైరైన మేష్టర్లు, అందరూ పేపరు ముక్కలు పట్టుకుని, ఇందులో తదితరులం మేమే అంటున్నారు. పరంధామం షాపులో అఫిడవిట్లు ఇస్త్రీ బట్టల్లా దొంతరలు లేచాయి. మూడో రోజున తదితరుల సంఘం అని ఒకటి పుట్టింది. దానికి ఎన్నికలు జరిగితే పేపర్లో 'నూతన కార్యవర్గంగా తదితరులు ఎన్నికయ్యారు' అని వచ్చింది. యంత్రం దాన్ని కూడా లెక్కలో కలుపుకుంది.

విశ్వంభరరావు గారు ఈ పరిస్థితిని ధైర్యంగా ఎదుర్కొన్నారు. అంత కీర్తిమంతుడికి నకిలీలు పుట్టడం సహజమేనన్నారు. పత్రికలవాళ్లకు ఒక సర్క్యులరు పంపించారు: 'ఇకమీదట తదితరులు అను నామమును అసామాన్య స్థాయి గల వ్యక్తుల విషయముననే వాడవలెను. సామాన్యులను వారి వారి స్వంత పేర్లతో మాత్రమే పేర్కొనవలెను. ఉల్లంఘించినచో ప్రకటనలు నిలిపివేయబడును.' అసలు తదితరులెవరో తేల్చడానికి బహిరంగ పరిశీలన కూడా పెట్టించారు. ఎవరైతే మొట్టమొదట అలియాస్ అఫిడవిట్టు ఇచ్చారో ఆయన్ను, ఆయన బృందాన్ని సంస్థ హాల్లోకి పిలిచి, విద్య ప్రదర్శించమన్నారు.

పరిశీలన నాటి పొద్దున పిచ్చయ్య వేషం కట్టుకున్నాడు. మంగతాయారు ఆయన అంగరఖా మడతలు సర్దుతూ, "బాబాయ్, అక్కడ గనక నేను మరిచిపోతే?" అని అడిగింది.

"నువ్వు మరిచిపోతావు, నేను అడుగుతాను. మన పని అదేగా," అన్నాడాయన.

"అదే చెబుదాం వాళ్లకి. నాకేం సిగ్గు లేదు."

"నాకుందమ్మా," అన్నాడు పిచ్చయ్య. "మీ నాన్నకిచ్చిన మాటది. చెప్పబాక."

హాలు నిండింది. వేదిక మీద ముగ్గురూ నిలబడి ఉండగా, ముందు సంచాలకులు నాలుగు మాటలు మాట్లాడతారన్నారు. విశ్వంభరరావు గారు మైకు పట్టుకున్నారు. అసామాన్యత యనగా నేమి, సామాన్యత యనగా నేమి, ఈ రెంటికిని గల తారతమ్యమెట్టిది అని ఎత్తుకుని, పావుగంట ఏకధాటిగా సాగించి, "ఈ సందర్భముగా నేను మనవి చేయునది ఏమనగా..." అని ఆగిపోయారు. ఏమనగా అన్న తర్వాతి కాగితం ఫైల్లో లేదు. ఆయన కళ్లజోడు తీశారు, పెట్టుకున్నారు. మళ్లీ ఏమనగా అన్నారు. పదకొండు మంది సిబ్బంది పదకొండు దిక్కులు చూశారు. ఔననడానికి కూడా ఏదో ఒక మాట పడాలి కదా.

పిచ్చయ్య మనసు వద్దన్నా చెయ్యి వినలేదు. గుమ్మెట మీద దరువు పడనే పడింది. "ఆగండి దొరా, ఆగండి. ఏమనగా అని తమరు రెండుసార్లన్నారు. మొదటి ఏమనగా మాకా, రెండోది తమకా? మాకైతే గట్టిగా చెప్పండి. తమకైతే మెల్లిగా చెప్పుకోండి, మేం చెవులు మూసుకుంటాం!" సైదులు అలవాటు కొద్దీ తందాన తాన అన్నాడు. హాలు గొల్లుమంది. ఆ గోలలో సత్యానందం కాగితం వెతికి అందించాడు. విశ్వంభరరావు గారు చిరునవ్వుతో అందుకుని, ఇంకో అరగంట దంచేశారు. చప్పట్లు కొట్టించుకుని కూర్చుంటూ, ఇవాళ ఎందుకో తాను మామూలుకన్నా బాగా మాట్లాడానని పక్కవాళ్లతో అన్నారు. పక్కవాళ్లు ఔనన్నారు.

తర్వాత కథ. మంగతాయారు రెండుసార్లు దారి తప్పింది. రెండుసార్లూ పిచ్చయ్య ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. జనం మాత్రం హాస్యం బాగా పండిందనుకున్నారు.

పరిశీలన నివేదిక ఆ సాయంత్రమే చదివి వినిపించారు. 'ప్రదర్శన సమయమున సదరు తదితరులు ప్రత్యేకముగా చేసినదేమియు కానరాలేదు. సంచాలకుల ప్రసంగమును, పిదప కథయును ఎట్టి అంతరాయము లేక వాటంతటవియే సజావుగా సాగినవి. అయినను కీర్తి లెక్కను త్రోసిపుచ్చుటకు వీలులేనందున ధ్రువపత్రము మంజూరు చేయడమైనది.'

వాటంతటవే సజావుగా సాగాయన్న ముక్క దగ్గర మంగతాయారుకు కళ్లు చెమర్చాయి. "నాన్న ఉంటే ఈ ఒక్క వాక్యం పటం కట్టించేవాడు బాబాయ్," అంది. పిచ్చయ్యకు కూడా అలాగే అనిపించింది గానీ, పైకి మాత్రం, ఆ కాగితం పోగొట్టబాకండి, మళ్లీ ఎవరడుగుతారో అన్నాడు. 'శ్రీ తదితరులు' అని బంగారు రంగు అక్షరాలతో అచ్చువేసిన ధ్రువపత్రం విశ్వంభరరావు గారి చేతుల మీదుగా అందుకున్నాడు. ఫోటో తీశారు.

మర్నాడు ఆ వార్త పత్రికలో పడింది. విలేకరి సర్క్యులరు తు.చ. తప్పకుండా పాటించాడు. 'సంచాలకులు విశ్వంభరరావు శ్రీ తదితరులకు అసామాన్య ధ్రువపత్రం అందజేశారు. కార్యక్రమంలో మంగతాయారు, షేక్ సైదులు, నూతక్కి పిచ్చయ్య పాల్గొన్నారు.'

నలభై ఏళ్లలో మొదటిసారి పేరు పేపర్లో పడింది. పిచ్చయ్య పెళ్లాం వీధి వీధంతా తిప్పి చూపించింది. ఆ సంబరం నాలుగు రోజులు కూడా ఉండలేదు. రిజిస్టర్డు పోస్టులో ఇంకో కాగితం వచ్చింది. 'పత్రికాధారమును అనుసరించి ధ్రువపత్రప్రదాన సమయమున శ్రీ తదితరులును, నూతక్కి పిచ్చయ్యయును వేర్వేరుగా హాజరైనట్లు రుజువగుచున్నది. కావున వీరిరువురును ఒకే వ్యక్తి యను అఫిడవిట్టు అసత్యము. ధ్రువపత్రమును రద్దు చేయడమైనది. అసలు శ్రీ తదితరులు ఎక్కడున్నను కార్యాలయమునకు హాజరు కావలసినది.'

పేరు లేదని ఒకసారి పొమ్మన్నారు, పేరుందని ఇంకోసారి పొమ్మన్నారు. పిచ్చయ్య ఆ కాగితాన్ని మడిచి గుమ్మెట సంచిలో పెట్టుకుని, "అమ్మా తాయారూ, నువ్వూ సైదులూ పోయిరండి," అన్నాడు. "ఆ తందానేదో రికార్డు చేసిస్తాను. ఎక్కడెక్కడ ఆగుతావో నాకు అంచనా ఉందిలే. ఆ చోటల్లా ఒక ప్రశ్న పెట్టి చెబుతాను."

మంగతాయారు ఫోను తీసి, అవతలి దేశం కార్యదర్శికి కలిపి, పిచ్చయ్యా సైదులూ వింటుండగానే మాట్లాడింది. "మేము రావట్లేదండీ. నేను ఈ మధ్య కథ మరిచిపోతున్నాను. ఎక్కడ మరిచిపోతానో నాకే తెలియదు. నాకన్నా ముందు మా బాబాయికి తెలుస్తుంది, నా ఊపిరిని బట్టి. మీ మీటకు తెలియదు. అంతే."

సైదులు నోరు తెరిచాడు. ఇరవై ఏళ్లుగా కుడిపక్క నిలబడినవాడికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. పిచ్చయ్య తలవంచుకుని, దాచిపెట్టిన దాన్నంతా అట్టా బయట పోసేసుకున్నావేంటమ్మా అని గొణిగాడు. ఆయన నొచ్చుకున్నాడు, సంతోషించాడు, ఏది ఎక్కువో తెలియక గుమ్మెట తోలు బిగించుకుంటూ కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం రేపల్లె గ్రంథాలయంవాళ్లు వాళ్ల కథ పెట్టించారు. ముఖ్య అతిథిగా విశ్వంభరరావు గారే వచ్చారు. పిలిచినవాళ్లు కూడా వస్తారనుకోలేదు. అప్పటికి ఆయన లెక్క నాలుగువందల తొంభై తొమ్మిదికి చేరింది. ఇంకొక్కసారి పేరు పడితే ఆయన అసామాన్యుడు. శాలువా కప్పించుకుని, గంటసేపు మాట్లాడి, విలేకరిని పక్కకు పిలిచి, తన స్థాయిని దృష్టిలో పెట్టుకుని వార్త రాయమని చెప్పి మొదటి వరసలో కూర్చున్నారు.

రాణి మెట్లు దిగే చోట మంగతాయారు మళ్లీ ఆగిపోయింది. పిచ్చయ్య చెయ్యి లేచింది. ఈసారి ఆమే ఆయనకన్నా ముందు, జనం వంక తిరిగి, "మరిచిపోయాను బాబాయ్. ఆ తర్వాతేంటి?" అని అడిగింది. నిజంగానే అడిగింది. నలభై ఏళ్లుగా ప్రశ్నలే వేసిన పిచ్చయ్యకు జవాబు చెప్పాల్సి వచ్చింది. ఒక్క క్షణం తడబడి, గొంతు సవరించుకుని, ఆ ముక్క తను ఎత్తుకుని పాడాడు. ఆమె తందాన తాన అంది. ఇదేదో కొత్త చమత్కారమనుకుని జనం ఈలలు వేశారు. ఆమె మరిచిపోయిందన్న మాట ఒక్కరు కూడా నమ్మలేదు.

మర్నాడు పొద్దున్నే సైదులు పేపరు పట్టుకుని వచ్చాడు. విలేకరి మళ్లీ సర్క్యులరు దగ్గర పెట్టుకునే రాసినట్టున్నాడు. సామాన్యులందరినీ పేరు పేరునా వేశాడు. 'గ్రంథాలయంలో జరిగిన బుర్రకథలో నూతక్కి పిచ్చయ్య, మంగతాయారు, షేక్ సైదులు, మైకుసెట్టు కోటిలింగం, కుర్చీలు వేసిన నాంచారమ్మ, తదితరులు పాల్గొన్నారు.'

పిచ్చయ్య తన పేరు మీద వేలు పెట్టాడు. ముందు తన పేరు, ఆ తర్వాత తాయారు పేరు. వీరరాఘవయ్య చూస్తే తిట్టేవాడేమో, నవ్వేవాడేమో. వేలు కిందికి జరుపుకుంటూ చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"డైరెక్టరుగారి పేరేదమ్మా?" అని అడిగాడు. "అంతసేపు మాట్లాడాడు పాపం."

"ఉంది బాబాయ్," అంది మంగతాయారు. "చివర్లో చూడు."

పిచ్చయ్య ఆ చివరి మాట చూశాడు. నలభై ఏళ్లు తను కాపురమున్న మాట.

"అయ్యో, అలవాటు లేనోళ్లకి అందులో ఉక్కపోస్తదమ్మా," అన్నాడు.